చెట్టుకు పడ్డ రంధ్రం ఏం చెబుతుంది?

కలప తొలిచే పురుగులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాట: "చెట్టుకు రంధ్రాలు పడ్డాయి, ఏ మందు కొట్టాలి?" మందు సంగతి తర్వాత చూద్దాం. రంధ్రం గుండ్రంగా ఉందా, ఒకపక్క చదునుగా ఉందా? అందులో గుండుసూది దూరుతుందా, పెన్సిల్ దూరుతుందా, బొటనవేలు దూరుతుందా? కింద రాలింది పిండా, పొట్టా, పీచా? చెట్టు ఏది? ఈ నాలుగూ రాసి పంపితే సగం జవాబు మీ ఉత్తరంలోనే దొరుకుతుంది. ఈసారి అలా వివరంగా రాసినవారి ప్రశ్నలనే తీసుకున్నాం.

ప్రశ్న (నూజివీడు నుంచి): మా మామిడి తోట వయసు 22 ఏళ్లు. మూడు చెట్ల మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలుతోంది. ఒక చెట్టుకు పెద్ద కొమ్మ ఎండిపోయింది. దుకాణంలో రెండు మందులు కలిపి చెట్టంతా తడిచేలా కొట్టమన్నారు. కొట్టమంటారా?

జవాబు: వద్దు. ముందు ఆ పొట్టును వేళ్లతో తీసి చూడండి.

ఎండు పొట్టు, పురుగు పెంటికలు సన్నని దారాలతో కలిసిపోయి, బెరడు మీద మెలికలు తిరిగిన పట్టీలా అతుక్కుని ఉంటే అది పెంకు పురుగే కాదు. అది బెరడు తినే గొంగళి పురుగు. పగలంతా కొమ్మ పంగలో చేసుకున్న చిన్న బొరియలో దాక్కుని, రాత్రి ఆ పట్టీ చాటున బెరడు గీరుకు తింటుంది. గోనెగుడ్డతో పట్టీ తుడిచేసి, బొరియలోకి సన్నని ఇనుపతీగ పోనిచ్చి పొడిస్తే చాలు.

అలా కాక పొట్టు తడిగా, నమిలి ఉమ్మిన చెరకు పిప్పిలా ముతక పీచుగా ఉండి, లోపలి నుంచి ఎవరో నెట్టినట్టు రంధ్రంలోంచి వస్తూ, పక్కన నల్లటి బంక కారుతుంటే అది మామిడి కాండం తొలుచు పురుగు. శాస్త్రీయ నామం బాటోసెరా రుఫోమాక్యులాటా. పెద్ద పురుగు మూడున్నర నుంచి ఐదున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఒళ్లు బూడిద రంగు, మెడ మీద చిక్కుడు గింజల్లా రెండు నారింజ మచ్చలు, మెడకు చెరోపక్క ఒక ముల్లు, పొడవాటి మీసాలు. ఆడపురుగు బెరడును కొరికి, ఆ గాటులో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగుకు కాళ్లుండవు. మీగడ రంగులో, తల దగ్గర లావుగా ఉండి, పూర్తిగా ఎదిగితే తొమ్మిది పది సెంటీమీటర్లకు చేరుతుంది. ఏడాదికి ఒకటే తరం. ఏడాదిలో ఎక్కువ కాలం అది చెక్క లోపలే ఉంటుంది. అందుకే పైన ఎంత కొట్టినా దాని ఒంటికి మందు తగలదు. పోయేది మీ డబ్బూ, పూతకొచ్చే తేనెటీగలూ.

చేయాల్సింది ఇది. సాయంత్రం రంధ్రాల చుట్టూ ఉన్న పొట్టునంతా చీపురుతో ఊడ్చేయండి, బెరడుకు అంటుకున్నది తడిగుడ్డతో తుడవండి. మర్నాడు పొద్దున ఏ రంధ్రం దగ్గర కొత్త పొట్టు కనిపిస్తే పురుగు ఉన్నది అందులోనే. మిగతావి పాత రంధ్రాలు, వాటితో పని లేదు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. కనిపించిన ప్రతి రంధ్రాన్నీ మందుతో నింపి, పురుగున్న ఒక్కదాన్నే వదిలేస్తారు.

ఆ రంధ్రం నోటిని ఉలితో కాస్త వెడల్పు చేయండి. సైకిల్ బ్రేకు తీగ ఒక మూర తీసుకుని, కొసను చిన్న కొక్కెంలా వంచి లోపలికి తోయండి. సైకిల్ చువ్వ అయితే నిటారుగా ఉంటుంది, సొరంగం వంపు తిరిగిన చోట ఆగిపోతుంది. బ్రేకు తీగ వంపుతోపాటే వెళ్తుంది. మెత్తగా తగిలిన చోట తిప్పి లాగండి. కొక్కానికి తెల్లని ద్రవం అంటుకుని వస్తే పురుగు చచ్చినట్టే. తర్వాత కిరోసిన్‌లో ముంచిన దూది చిన్న ఉండ చేసి లోతుగా పెట్టి, నోటిని బంకమట్టితో మూసేయండి. కిరోసిన్ బయటి పచ్చి బెరడు మీద కారకూడదు, కారితే అక్కడ బెరడు మాడిపోతుంది. వారం తర్వాత మట్టి పగిలి మళ్లీ పొట్టు కనిపిస్తే లోపల ఇంకొకటి ఉందని అర్థం. మళ్లీ మొదటి నుంచి చేయండి.

పాత పుస్తకాల్లో దూదిని డైక్లోర్‌వాస్‌లో ముంచమని ఉంటుంది. ఆ మందును 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధించారు. ఎవరైనా పాత సీసా అంటగడితే తీసుకోకండి.

ఎండిన కొమ్మను సొరంగం కనిపించనంత వరకు, శుభ్రమైన చెక్క వచ్చే దాకా కిందికి కోయండి. ఇది తొలకరికి ముందే జరగాలి, ఎందుకంటే వానలు పడగానే పెద్ద పురుగులు బయటికొస్తాయి. కోసిన దుంగను గట్టున పేర్చి ఉంచితే లోపల బాగా ఎదిగిన పురుగు అందులోనే రెక్కలు తెచ్చుకుని మళ్లీ మీ చెట్టు మీదికే వస్తుంది. వెంటనే చీల్చి పొయ్యిలో పెట్టండి.

మన దగ్గర తరతరాలుగా ఉన్న ఈ పురుగే ఇజ్రాయెల్ చేరి అంజూర చెట్లను చంపింది. ఒక దేశంలో మామూలు పురుగు, పరాయి నేలలో ఆపద అయ్యేది ఇలాగే.

ప్రశ్న (పలాస నుంచి): చచ్చిపోయిన జీడిమామిడి చెట్టును వేళ్లతో సహా తవ్వితే మొదట్లో, చెక్క లోపల, తెల్లగా గట్టిగా కోడిగుడ్డు పెంకులాంటి కాయలు దొరికాయి. కొందరు పాము గుడ్లన్నారు. భయపడాలా?

జవాబు: పాముకు భయపడక్కర్లేదు గానీ తోట గురించి మాత్రం భయపడాలి. అవి జీడిమామిడి కాండం, వేరు తొలుచు పురుగు కట్టుకున్న గూళ్లు. ఎదిగిన పిల్ల పురుగు చెక్కలో ఒక గది తొలుచుకుని, తన చుట్టూ సున్నపు పెంకు కట్టుకుని, లోపల నిద్రావస్థకు వెళ్తుంది. ఒకదాన్ని పగలగొట్టి చూడండి. లోపల ఎర్రటి గోధుమ రంగు పెద్ద పురుగో, దానిగా మారబోతున్న లేత తెల్లని రూపమో ఉంటుంది. ఇంకే పురుగుతోనూ పొరబడే వీలులేని ఆనవాలు ఇది. అందుకే ఒక గూడును పగలగొట్టకుండా డబ్బాలో దాచి ఉద్యాన అధికారికి చూపించండి.

ఈ పురుగు గుడ్లు పెట్టేది నేల నుంచి మీటరు ఎత్తులోపు, బెరడు పగుళ్లలో. కాబట్టి చూడాల్సింది చెట్టు కొనను కాదు, మొదలును. మొదలు చుట్టూ ఉన్న ఆకులు, మట్టి పక్కకు లాగి, బెరడు పగుళ్లలోంచి పొట్టు, బంక వస్తున్నాయా అని చూడండి. వస్తుంటే ఉలితో ఆ బెరడు మాత్రమే లేపి, పిల్ల పురుగులను ఏరి చంపి, క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందును లీటరు నీటికి 10 మి.లీ. కలిపి మొదలుకూ, బయటపడిన వేళ్లకూ బాగా పట్టించండి. చేతులకు తొడుగులు తప్పనిసరి. పచ్చి బెరడును చుట్టూరా చెక్కేస్తే పురుగు చేయాల్సిన పని మీరే చేసినట్టు అవుతుంది.

మొదలు చుట్టుకొలతలో సగానికి మించి బెరడు పోయినా, ఆకులన్నీ పసుపు పచ్చబడినా ఆ చెట్టును కాపాడలేం. దాన్ని వేళ్లతో సహా తీసేయండి. మొద్దును నేలలో వదిలితే పక్క చెట్లకు పురుగులు అక్కడి నుంచే వెళ్తాయి. మీరు తవ్వి తీయడం సరైన పని.

ప్రశ్న (అమెరికా, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి): ఇంటి ముందు మేపుల్ చెట్టు మీద నల్లటి పెద్ద పురుగు కనిపించింది. తెల్ల చుక్కలున్నాయి, మీసాలు చాలా పొడవు. ఫొటో పంపాను. చైనా నుంచి వచ్చి చెట్లను చంపే ఏషియన్ లాంగ్‌హార్న్ పురుగేనా?

జవాబు: మీ ఫొటోలో మెడ వెనక, రెక్కలు మొదలయ్యే చోట, సరిగ్గా నడుమ ఒక తెల్ల చుక్క స్పష్టంగా ఉంది. అది స్థానికంగా ఉండే పైన్ చెట్ల పురుగుకు గుర్తు. ఏషియన్ లాంగ్‌హార్న్‌కు ఆ చోట తెల్ల చుక్క ఉండదు. దాని ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, మీసాల మీద నలుపు తెలుపు కట్లు ఒకదాని తర్వాత ఒకటి తేటగా కనిపిస్తాయి. మీరు చూసిన పురుగు గరుకుగా, మసకగా ఉంది. కాబట్టి ఇది ఆ చైనా పురుగు కాదు.

అయినా మీరు పట్టించుకుని అడిగినందుకు సంతోషం. ఆ పురుగు అమెరికాలో మొదట 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో దొరికింది. 2002లో జెర్సీ సిటీలో, తర్వాత మీ పక్కనే ఉన్న వుడ్‌బ్రిడ్జ్, కార్టరెట్ ప్రాంతాల్లో బయటపడింది. వేల చెట్లు నరికితే గానీ 2013లో న్యూజెర్సీకి దాని పీడ విరగడ కాలేదు. ఇకపై మేపుల్ మీద పెన్సిల్ నేరుగా దూరే గుండ్రని రంధ్రం, అంటే సుమారు 10 మి.మీ. ఉన్నది కనిపిస్తే రాష్ట్ర వ్యవసాయ శాఖకు వెంటనే చెప్పండి. పురుగు దొరికితే గాజు సీసాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, దాన్ని కొరికేస్తుంది.

ప్రశ్న (టెక్సస్, డాలస్ శివారు నుంచి): మా పెరట్లో యాష్ చెట్టు పైనుంచి ఎండుకుంటూ వస్తోంది. ఎమరాల్డ్ యాష్ బోరర్, అంటే యాష్ చెట్లను తొలిచి చంపే ఆకుపచ్చ పురుగు, పట్టిందేమోనని భయంగా ఉంది. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మొదట అది యాష్ చెట్టేనని తేల్చుకోండి. కొమ్మలు ఎదురెదురుగా జంటగా వస్తాయి, ఒక్కో ఆకు కాడకు ఐదు నుంచి పదకొండు చిన్నాకులుంటాయి. ఈ రెండూ కలిస్తేనే యాష్.

తర్వాత బెరడు మీద రంధ్రం చూడండి. ఈ పురుగు బయటికొచ్చే రంధ్రం వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు, ఆకారం అర్ధచంద్రం. ఒకపక్క గీత గీసినట్టు చదునుగా, రెండోపక్క గుండ్రంగా ఉంటుంది. పురుగు ఒంటి ఆకారమే అది, వీపు చదును, పొట్ట ఉబ్బు. పూర్తిగా గుండ్రని రంధ్రాలైతే అవి అక్కడి స్థానిక పురుగులవి, అవి అంత ప్రమాదం కాదు. పైన ఎండిన కొమ్మ బెరడు లేపితే లోపల నదిలా వంకరటింకర కాలువలు, వాటినిండా మెత్తని పొడి కనిపించాలి. వడ్రంగి పిట్టలు పై బెరడు రాల్చేసి చెట్టు పాలిపోయినట్టు కనిపించడం కూడా ఒక సూచన.

మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకునే ఆకుపచ్చ జీరంగి కుటుంబమే దీనిదీ. కాకపోతే ఇది చాలా చిన్నది, సెంటీమీటరు అటూ ఇటూ. 2002లో మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గర గుర్తించారు. టెక్సస్‌లో 2016లో తూర్పున హారిసన్ కౌంటీలో తొలిసారి దొరికింది.

చెట్టులో మూడో వంతు కంటే తక్కువ ఎండి ఉంటే లైసెన్సున్న చెట్ల వైద్యుడితో మొదట్లోకి ఎమామెక్టిన్ బెంజోయేట్ ఇంజెక్షన్ వేయించండి. ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక, నేలలో తేమ ఉన్నప్పుడు వేస్తేనే మందు పైదాకా ఎక్కుతుంది. ఒకసారి వేస్తే రెండేళ్లు పనిచేస్తుంది. అంతకు మించి ఎండితే మందు ఎక్కే దారులే తెగిపోయి ఉంటాయి. అప్పుడు కొట్టించడమే మేలు. ఆ కట్టెలను మరో ఊరికి తీసుకెళ్లవద్దు. ఈ పురుగు రాష్ట్రాలు దాటింది చాలావరకు విహారానికి తీసుకెళ్లిన వంటకట్టెల్లోనే.

ప్రశ్న (జగిత్యాల నుంచి, రైతు ఉత్పత్తిదారుల సంఘం): మా సంఘంలో నలభై మామిడి తోటలున్నాయి. కాండం తొలుచు పురుగు ఎక్కడెక్కడుందో ఫోన్లతో పటం తయారుచేయాలని మొదలుపెట్టాం. 300 చుక్కలు పెట్టాక చూస్తే కొన్ని చెరువులో, కొన్ని రోడ్డు మీద, రెండు ఏకంగా ఉత్తర ధ్రువం దగ్గర పడ్డాయి. ఎక్కడ తప్పింది? అంతర్జాలంలో కనిపించే పురుగుల రంగు పటాలను నమ్మొచ్చా?

జవాబు: ఉత్తర ధ్రువం చుక్కల సంగతి తేలిక. అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం పడ్డాయి. మన రెండు రాష్ట్రాల్లో అక్షాంశం సుమారు 12.6 నుంచి 19.9 మధ్య, రేఖాంశం 76.7 నుంచి 84.8 మధ్య ఉంటాయి. తారుమారైతే 79 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి, నార్వే వారి స్వాల్‌బార్డ్ మంచు దీవుల దాపుకు చేరుతుంది మీ మామిడి చెట్టు. పట్టికలో అక్షాంశం గడికి "20 దాటకూడదు" అని నియమం పెడితే ఈ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

చెరువులో పడ్డ చుక్కలకు రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఎవరో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉన్న అంకెలను దశాంశాలుగా రాశారు. 18 డిగ్రీల 47 నిమిషాలంటే 18.47 కాదు, 47ను 60తో భాగించాలి, అంటే 18.783. తేడా ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. రెండోది, ఫొటో వాట్సాప్‌లో పంపించుకుని దాన్నుంచి స్థలం తీసుకోవాలని చూడటం. మామూలుగా పంపితే ఫొటోలో దాగిన స్థల వివరం పోతుంది. దాన్ని ఎక్కించిన యాప్ మీరు ఇంటి దగ్గర కూర్చున్న చోటునే చెట్టు చోటుగా రాసుకోవచ్చు. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపండి, లేదా చెట్టు దగ్గరే అంకెలు పట్టికలో రాయండి.

రోడ్డు మీద పడ్డవి ఫోన్ జీపీఎస్ పరిమితి వల్ల. దట్టమైన మామిడి గుబురు కింద ఫోన్ ఐదు నుంచి పది మీటర్లు తప్పు చూపడం మామూలే. మీ చెట్ల మధ్య దూరం పది మీటర్లయితే చుక్క పక్క చెట్టు మీద పడుతుంది. అందుకే చెట్టును జీపీఎస్‌తో గుర్తించకండి. తోట నంబరు, వరుస, చెట్టు, అంటే 14-వరుస 6-చెట్టు 11 అని మొదటే నంబరు వేసి, పెయింటుతో మొదలు మీద రాయండి. జీపీఎస్ తోటను పటం మీద నిలబెట్టడానికి, నంబరు చెట్టును తోటలో నిలబెట్టడానికి. అంకె తీసుకునేటప్పుడు దశాంశం తర్వాత ఐదు స్థానాలు రాయండి. ఐదో స్థానం సుమారు ఒక మీటరు, నాలుగో స్థానం సుమారు పదకొండు మీటర్లు.

ఇక పట్టికలో ఉండాల్సినవి. తేదీ, చూసినవారి సంకేతం, చెట్టు నంబరు, రకం, వయసు, కొత్త పొట్టున్న రంధ్రాల సంఖ్య, పాత రంధ్రాల సంఖ్య, పెద్ద రంధ్రం వ్యాసం, ఎండిన కొమ్మలున్నాయా. రంధ్రం ఫొటోలో పక్కన పది రూపాయల నాణెం పెట్టండి. దాని వ్యాసం 27 మి.మీ., కాబట్టి ఎవరైనా తర్వాత కొలుచుకోవచ్చు. ఫోన్‌ను బెరడుకు సమాంతరంగా పట్టుకోకపోతే గుండ్రని రంధ్రం కోడిగుడ్డులా వచ్చి తప్పుదారి పట్టిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీ 300 చుక్కల్లో లేనిది: "చూశాం, లేదు" అన్న చుక్కలు. పురుగు కనిపించిన చెట్లనే రాస్తే, చుక్కల్లేని చోట పురుగు లేదా, ఎవరూ వెళ్లలేదా అన్నది తేలదు. వచ్చే ఏడాది కొత్త చుక్క వస్తే పురుగు వ్యాపించిందా, కొత్తగా చూశారా అన్నదీ చెప్పలేం. ప్రతి చెట్టూ చూడలేకపోతే ప్రతి ఐదో వరుసలో ప్రతి ఐదో చెట్టూ, అంచు వరుసలన్నీ, కట్టెల కుప్పలకూ కోత మిల్లులకూ దగ్గరున్న చెట్లన్నీ చూడండి. చెట్టుకు నాలుగు నిమిషాలు, మొదలు నుంచి రెండు మీటర్ల ఎత్తుదాకా, ఆపై పెద్ద పంగలు. ఒకరు పది నిమిషాలు, ఇంకొకరు అర నిమిషం చూస్తే ఆ రెండు అంకెల్ని పోల్చలేం.

పటం గీయడానికి క్యూజీఐఎస్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. పట్టికను సీఎస్‌వీగా (గడులను కామాలతో విడదీసే మామూలు ఫైలుగా) దాచి చేర్చేటప్పుడు ఎక్స్ గడికి రేఖాంశం, వై గడికి అక్షాంశం ఇవ్వండి. దూరాలు మీటర్లలో కొలవాలంటే యూటీఎం (భూమిని మండలాలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర మండలానికి మార్చుకోండి. జగిత్యాలకు అది సరిపోతుంది. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్న మన ఊళ్లకు మాత్రం 43. మూడు రంగులు వాడండి: పురుగును పట్టి నిపుణులు ధ్రువీకరించినవి ఒక రంగు, పొట్టు, రంధ్రాలు మాత్రమే కనిపించినవి ఇంకో రంగు, చూసి లేదనుకున్నవి మూడోది. ఈ మూడూ ఒకే రంగులో కలిపేస్తే పటం చూడ్డానికి బాగుంటుంది, ఎందుకూ పనికిరాదు.

మీరు ఉత్తరం చివర అడిగిన అంతర్జాలపు రంగు పటాల గురించి ఒక్క మాట. వేడి, వాన, చెట్లను బట్టి ఒక పురుగు ఎక్కడ బతకగలదో అవి లెక్కగడతాయి. జగిత్యాల ఎర్రగా ఉందంటే అక్కడ పురుగు ఉందని కాదు, వస్తే నిలదొక్కుకోగలదని. ముందు ఎక్కడ వెతకాలో చెప్పడానికి అవి పనికొస్తాయి. మందు కొట్టడానికి కాదు.

ప్రశ్న (అనంతపురం నుంచి): దానిమ్మ మొదట్లో గుండుసూది గుచ్చినట్టు సన్న రంధ్రాలు, కొన్నిటి నుంచి అగ్గిపుల్లంత పొట్టు కడ్డీలు వస్తున్నాయి. దక్షిణాఫ్రికాలో నగరాల చెట్లను చంపుతున్న పురుగు ఇదేనా?

జవాబు: ఆ జాతికి దగ్గరి చుట్టం కావచ్చు, అదే కావచ్చు. ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు, చెబితే నమ్మకండి. ఈ పురుగులు రెండు మిల్లీమీటర్లు. చెక్కను తినవు, లోపల బూజు సాగు చేసుకుని దాన్ని తింటాయి. బూజు విత్తును ఆడపురుగు నోటి దగ్గర చిన్న సంచుల్లో వెంట తెచ్చుకుంటుంది. ఒక్క ఆడపురుగు వచ్చి పడినా చాలు, మగ తోడు లేకుండా మొదట కొడుకులను కని, వాటితో సంతానాన్ని పెంచుకోగలదు. పరాయి దేశాల్లో అంత సులువుగా పాతుకుపోవడానికి కారణం ఇదే.

మీరు చెప్పిన పురుగు యూవాలేసియా ఫోర్నికేటస్. దక్షిణాఫ్రికాలో 2017లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ వృక్షోద్యానంలో, ఆస్ట్రేలియాలో 2021లో పెర్త్ దగ్గరి ఈస్ట్ ఫ్రీమాంటిల్‌లో బయటపడింది. పుట్టిల్లు ఆసియా. తేయాకు తోటల్లో ఉండే దాని తోబుట్టు జాతులతో కలిపి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, డీఎన్ఏ చూస్తేనే తేలుతుంది. కాబట్టి పురుగున్న కొమ్మ ముక్కను చీల్చి, ఐదారు పురుగులను 95 శాతం ఇథనాల్‌లో వేసి కీటక నిపుణులకు పంపించండి.

తోటలో ఎండిన మొక్కలను పీకి అక్కడే కుప్ప వేయకండి, ఆ రోజే తగలబెట్టండి. మిగతా మొక్కల మొదళ్లకు రెండడుగుల ఎత్తుదాకా పూత వేయండి: పది లీటర్ల నీటిలో జల్లెడ పట్టిన ఎర్రమట్టి 4 కిలోలు, క్లోర్‌పైరిఫాస్ 20 మి.లీ., కాపర్ ఆక్సీక్లోరైడ్ 25 గ్రాములు. ముందు మట్టిని గంట నాననిచ్చి, ఆ తర్వాత మందులు కలపండి, లేకపోతే గడ్డలు కట్టి బ్రష్‌కు అంటదు. పూత పగుళ్లిస్తే మళ్లీ వేయాలి. నీటి ఎద్దడితోనో, ఎండు తెగులుతోనో నీరసించిన మొక్కలనే ఈ పురుగు ముందు పడుతుంది. అందుకే వేళ్లు కూడా చూడండి.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి, జంతుశాస్త్ర విద్యార్థులు): రేవుకు విదేశీ కలప వస్తుంది కదా, కళాశాల ఆవరణలో పురుగుల వల పెట్టాలనుకుంటున్నాం. తక్కువ ఖర్చులో ఎలా?

జవాబు: రెండు లీటర్ల శీతల పానీయం సీసా తీసుకోండి. నడుమ భాగంలో ఐదు సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తు కిటికీలు మూడు కోయండి. మూత కిందికి ఉండేలా తలకిందులుగా, నేల నుంచి ఒకటింబావు, ఒకటిన్నర మీటర్ల ఎత్తులో నీడన కట్టండి. మూతవైపు 150 మి.లీ. నీరు, రెండు చుక్కల గిన్నెలు కడిగే సబ్బు, ఒక చెంచా ఉప్పు. సబ్బు లేకపోతే పురుగు నీటిపై తేలి ఎగిరిపోతుంది, ఉప్పు లేకపోతే మూడో రోజుకే కుళ్లుతుంది. కిటికీల మధ్య చిన్న మందు సీసా వేలాడదీసి పది మి.లీ. ఇథనాల్ పోసి, దూది వత్తి బయటికి వదలండి. నీరసించిన చెట్టు నుంచి వచ్చే వాసన అదే, దాన్ని వెతుక్కుంటూ సన్న రంధ్రాల పురుగులు వస్తాయి. ఇథనాల్ దొరక్కపోతే చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ వాడొచ్చు. సీసా మీద ఇథైల్ ఆల్కహాల్ అని ఉండాలి, ఐసోప్రొపైల్ రకం సరిగా పనిచేయదు. ఈ వలకు మామిడి కాండం పురుగులాంటి పెద్దవి రావు.

వారానికోసారి టీ వడగట్టే గుడ్డతో వడబోసి, పెంకు పురుగులను 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. పిల్ల పురుగులు దొరికితే ముందు రెండు నిమిషాలు మరిగే నీటిలో ముంచి తీయండి, లేకపోతే నల్లబడి గుర్తుపట్టలేం. సీసా లోపల వేసే చీటీ పెన్సిల్‌తో రాయాలి, సిరా ఆల్కహాల్‌లో కరిగి మాయమవుతుంది. ఊరు, అక్షాంశం, రేఖాంశం, తేదీ, చెట్టు, పట్టినవారు. ఈ చీటీ లేని పురుగు ఎంత అరుదైనదైనా పెట్టెలో బొమ్మతో సమానం.

మీకు దొరికే వాటిలో చాలావరకు స్థానిక జాతులే ఉంటాయి. పరిమాణం, రంగు బట్టి వేరుచేసి, ఎన్నడూ చూడనివి బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకు పంపండి. ప్రాణంతో ఉన్న పురుగును టపాలో పంపకండి. విదేశీ జాతి అని తేలితే సామాజిక మాధ్యమాల్లో పెట్టడానికి ముందు మీ ఊళ్లోనే ఉన్న మొక్కల క్వారంటైన్ కేంద్రానికి చెప్పండి.

ప్రశ్న (కొండపల్లి నుంచి): బొమ్మల కోసం నిల్వ చేసిన తెల్ల పొణికి కర్రకు పుచ్చు పట్టింది. తడితే గోధుమపిండిలా రాలుతోంది. కొన్ని బొమ్మలు అమెరికా పంపాలి. అక్కడికీ పురుగు పోతుందా?

జవాబు: పోతుంది, అలాగే పోయి పట్టుబడిన సరుకులు చాలా ఉన్నాయి. పిండి అంత మెత్తగా, రంధ్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉందంటే అది చెక్కలోని పిండిపదార్థం కోసం వచ్చే పౌడర్ పోస్ట్ పురుగు. చేవ దేరని మెత్తని కర్ర దానికి ఇష్టం. బతికున్న చెట్టును ముట్టదు.

పుచ్చిన ముక్కలను వేరుచేసి కాల్చేయండి. మిగతా కర్రను చెక్కడానికి ముందు, రంగు వేయకముందు, లీటరు నీటికి బోరాక్స్ 30 గ్రాములు, బోరిక్ ఆమ్లం 20 గ్రాములు గోరువెచ్చగా కలిపి, ఆ నీటిలో ముంచి, నీడన ఆరబెట్టండి. పచ్చి కర్రకైతే లోతుగా ఎక్కుతుంది. రంగు, లక్క పూశాక ఈ నీరు లోపలికి దిగదు. చేతులకు తొడుగులు వేసుకోండి, ఆ నీటి బకెట్టు పిల్లలకు అందకూడదు.

పంపే ముందు వేడి చేయించడం ఇంకా నమ్మకం. ముక్క నడి భాగం 56 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, అక్కడ 30 నిమిషాలు నిలవాలి. గది వేడి 56కు చేరడం కాదు, కర్ర గుండె చేరాలి. లావు ముక్కకు చిన్న రంధ్రం చేసి ఉష్ణమాపకం లోపల పెట్టి చూడకపోతే ఆ తేడా తెలియదు.

బొమ్మలు పెట్టే చెక్కపెట్టెకు అంతర్జాతీయ నియమం వేరుగా ఉంది. ఆరు మిల్లీమీటర్ల కంటే మందమైన ముడి చెక్కతో చేస్తే దాన్ని గుర్తింపు ఉన్న కేంద్రంలో వేడి చేయించి ముద్ర వేయించాలి. ముద్రలో గోధుమ కంకి బొమ్మ, ఐఎన్ అనే దేశ సంకేతం, కేంద్రం నంబరు, వేడి చేశారని తెలిపే హెచ్‌టీ అనే అక్షరాలు ఉంటాయి. ప్లైవుడ్ పెట్టెకు ఇది అక్కర్లేదు. పెట్టె మరమ్మతుకు ముద్ర లేని పాత పలకను మేకు కొట్టి కలిపితే మొత్తం పెట్టె చెల్లదు. రేవులో ఆపేది అలాంటి ఒక్క పలక చూసే.